‘సీరియస్’ ముందు పడిన ఒక ‘కి’

సర్వీసులో ఉండగా నన్ను చిన్నచూపు చూసినవాళ్ళలో ఒక్కరిని కూడా నేను మరిచిపోలేదు. చేరిన మొదటి రోజున అందరికీ గాజు గ్లాసుల్లో టీ ఇచ్చి, నాకు మాత్రం ఫ్లాస్కు మూతలో పోసి ఇచ్చినాయన గుర్తున్నాడు. రిటైరైన రోజున శాలువాకు కొట్టువాళ్ళ చీటీ తీయకుండానే నా మెడ చుట్టూ కప్పినాయన కూడా గుర్తున్నాడు. మధ్యలో ఉన్నవాళ్ళంతా వరసగా గుర్తున్నారు. మా ఆవిడ దీన్ని జబ్బు అంటుంది. నేను జ్ఞాపకశక్తి అంటాను.

ఈ మధ్య మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు ఒక ఫంక్షన్‌లో కనిపించి, “మీ అనుభవాలు రాయండి సార్, మాకు పనికొస్తాయి” అన్నారు. అందరూ అనలేదు. ముగ్గురు అన్నారు. మిగతావాళ్ళు ఫోన్లు చూసుకుంటున్నారు. కాబట్టి ఇది ఆ ముగ్గురి కోసం.

నన్ను అవమానించినవాళ్ళందరిలోకీ పెద్దది మనిషి కాదు. ఒక ఇంగ్లీషు మాట. మీరు రోజుకు పదిసార్లు వాడేదే. సీరియస్.

నేను అప్పుడు రాజమండ్రిలో కాలువల పని చూసే ఒక ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. మా పైన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అంటే ఈఈ గారు. ఆయన చెడ్డవాడు కాదు. కాకపోతే నవ్వేవాడు కాదు, ఎదుటివాణ్ణి కూర్చోమనేవాడు కాదు. ఆయన గదిలో నిలబడి నేను ఎన్ని ఫైళ్ళు చదివి వినిపించానో నా మోకాళ్ళకు తెలుసు.

నాకు రిటైర్మెంటు ఏడాదిన్నరలోకి వచ్చింది. సూపరింటెండెంటు ప్రమోషన్ల జాబితా తయారవుతోంది. అందులో నా పేరుంది. అంతకుముందు రెండుసార్లు ఉండీ జారిపోయింది. ఎందుకు జారిందో, ఎవరు జార్చారో నాకు తెలుసు, ఇప్పుడది వద్దు. మీకు తెలియాల్సింది ఒక్కటే. మా ఆఫీసులో సూపరింటెండెంటు కుర్చీకి చేతులుండేవి. మాలాంటివాళ్ళ కుర్చీలకు ఉండేవి కావు. సర్వీసంతా చేతుల్లేని కుర్చీలో కూర్చున్నవాడికి, చివరి నాలుగు నెలలైనా మోచేతులు ఆనించి కూర్చోవాలని ఉంటుంది. నవ్వకండి. మీకూ ఆ వయసు వస్తుంది.

అది వేసవి. కాలువలు కట్టేసిన రోజులు. నీళ్ళు ఆపేసిన ఆ కొద్ది వారాల్లోనే పూడిక తీయాలి, గట్లు బాగుచేయాలి, లాకుల తలుపులకు గ్రీజు పెట్టాలి. ఏ సెక్షన్‌లో ఏం జరిగిందో రోజూ ఫొటోలతో సహా రావాలి. వచ్చేవి కావు. ఒక బుధవారం పొద్దున పై అధికారులు వీడియో కాన్ఫరెన్సులో మా ఈఈ గారిని అందరి ముందూ కడిగేశారు. ఆయన గదిలోంచి బయటికి వచ్చేసరికి ముఖం మిరపకాయలా ఉంది.

తిన్నగా నా బల్ల దగ్గరికే వచ్చారు.

“సెక్షన్లవాళ్ళ గ్రూపులో మెసేజ్ పెట్టండి. నేను చాలా సీరియస్‌గా ఉన్నానని పెట్టండి. అందరూ వెంటనే బయలుదేరి రావాలి. ఎవరూ నాకు ఫోన్ చేసి కథలు చెప్పకూడదు.”

“అలాగే సార్.”

“ఇప్పుడే.”

“ఇప్పుడే సార్.”

ఆయన డ్రైవరును ఆఫీసులోనే వదిలి, అక్కణ్ణుంచి భోజనానికి ఇంటికి నడిచి వెళ్ళిపోయారు. నేను మూడు ముక్కల్లో మెసేజ్ కొట్టాను. ‘ఈఈ గారు చాలా సీరియస్. అందరూ వెంటనే బయలుదేరి రావలెను. ఎవరూ ఫోన్ చేయవద్దు.’ నాకు గుర్తున్నంతవరకూ ఇంతే. ఆ ‘గుర్తున్నంతవరకూ’ అన్న మాట దగ్గర కాస్త ఆగండి, దానితో పని ఉంది.

మెసేజ్ పెట్టి, రికార్డు గదిలో ఉన్న ఒకే ఒక్క పనిచేసే ప్లగ్గుకు ఫోన్ తగిలించి, క్యారియర్ తీసుకుని వెనక వరండాలోకి వెళ్ళాను. వంకాయ కూర. బాగుంది. ఆ రోజు బాగున్నది అదొక్కటే.

ఇక్కడ రెండు సంగతులు చెప్పాలి. ముందు వారమే ఈఈ గారికి గుండెలో పట్టేసినట్టయి ఆసుపత్రికి వెళ్ళారు. గ్యాసు అని తేలింది. అయితే వెళ్ళిన సంగతి జిల్లా అంతా తెలిసింది కానీ, గ్యాసు అన్న సంగతి ఆఫీసు గేటు దాటలేదు. రెండోది, పెద్ద అధికారి కుర్చీ వీపు మీద తెల్ల తువ్వాలు ఉంటుందని మీకు తెలుసు. ఆ తువ్వాలు ఉంటే అధికారి ఉన్నట్టు. మా ఆఫీసులో బుధవారం తువ్వాలు ఉతికే రోజు. ఆయన అటు వెళ్ళగానే మా అటెండరమ్మ దాన్ని తీసి, ఉతికి, దొడ్లో ఆరేసింది.

రెండున్నరకు నేను చెయ్యి కడుక్కుని లోపలికి వచ్చేసరికి ఆఫీసు ముందు మోటారు సైకిళ్ళు, రెండు జీపులు ఉన్నాయి. సంతోషించాను. నా ఒక్క మెసేజ్‌కు ఇంతమంది ఇంత త్వరగా ఎప్పుడూ రాలేదు. లోపల చూస్తే అందరి చేతుల్లోనూ పళ్ళ సంచులు. ఒకాయన కొబ్బరిబొండాలు గెలతో సహా మోసుకొచ్చాడు. ఆత్రేయపురం వైపు సెక్షన్ చూసే అసిస్టెంటు ఇంజనీరు, చిన్నపిల్ల, సర్వీసు రెండేళ్ళు కూడా లేదు, చేతిలో పూతరేకుల డబ్బా పట్టుకుని ఏడుపు ముఖంతో నిలబడింది.

“పంచదారవి కాదండి, బెల్లంవే తెచ్చాను. తినొచ్చు కదండి?” అంది నన్ను చూసి.

“ఎవరు?” అన్నాను.

ఆ పిల్ల లోపలి గది వైపు చూసింది. ఈఈ గారి గది తలుపు తీసి ఉంది. తువ్వాలు లేని కుర్చీ కనిపిస్తోంది. మా వర్క్ ఇన్‌స్పెక్టరు, పెద్దమనిషి, పెనుగొండ వైపు ఒక పల్లెలో లూథరన్ చర్చిలో సంఘపెద్ద, ఆ కుర్చీ వైపే చూస్తూ టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు.

“ఎప్పుడండీ?” అన్నాడు మెల్లగా.

“ఏది ఎప్పుడు?”

అటెండరమ్మ అప్పటికే కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. “పొద్దున్నే నా చేత్తో కాఫీ ఇచ్చేనండి. చల్లారిపోయిందని తిట్టేరండి. ఆ తిట్టే ఆఖరి తిట్టవుద్దనుకోలేదండి బాబుగారూ!”

ఆమె ఆఫీసులోనే ఉంది కదా, ఆమెకైనా తెలియొద్దా అని మీరు అడుగుతారు. నేనూ అడిగాను, తరవాత. “అంతమంది ఏడుస్తుంటే నాకొక్కదానికీ నిజం తెలుసనుకోడం పొగరవుద్ది కదండి” అంది.

నేను నోరు తెరిచేలోపు సంఘపెద్ద కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. మా ఆఫీసులో ప్రార్థన జరుగుతుంటే ఎవరూ అడ్డు రారు. వినాయకచవితికి ఆయన పందిరి రాట పట్టుకునేవాడు, క్రిస్మస్‌కి మేం కేకు తినేవాళ్ళం. అందరూ తలలు వంచారు. నేనూ వంచాను. అది నా రెండో తప్పు.

“ప్రభువా, నీ దాసుడు మంచం మీద పడి ఉన్నాడు. అతని కోపాన్ని చూడకు, కష్టాన్ని చూడు. అతన్ని లేవనెత్తు తండ్రీ. నడిపించు తండ్రీ. ఈ గదిలోకి మళ్ళీ నడిపించు తండ్రీ!”

వాకిట్లో చెప్పుల చప్పుడైంది. ఈఈ గారు, పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ, నడిచి లోపలికి వచ్చారు.

అటెండరమ్మ పెట్టిన కేక గోదావరి అవతలి గట్టుకు వినబడి ఉంటుంది. సంఘపెద్ద కళ్ళు తెరిచి, చూసి, మళ్ళీ మూసుకుని, “స్తోత్రం, స్తోత్రం, ఇంత త్వరగా ఆలకించినావు” అన్నాడు.

“ఎవర్నయ్యా లేపుతున్నారు?” అన్నారు ఈఈ గారు.

మాట్లాడింది ఆయన డ్రైవరు ఒక్కడే. నోటికి అడ్డూ ఆపూ లేని మనిషి. “మిమ్మల్నేనండి. ఆయ్, లేచేరు కూడాను.”

తరవాత జరిగింది ఊహించుకోవచ్చు. వీడియోలో పడ్డ తిట్లకు ఇది తోడైంది. ఆయన తన ఫోన్‌లో మెసేజ్ చూసుకుని, గ్రూపుకు ఆయనే అడ్మిన్ కాబట్టి, అందరికీ కనబడకుండా తీసేశారు. పళ్ళు మాత్రం ఎవరూ వెనక్కి తీసుకువెళ్ళలేదు. సాయంత్రం స్టాఫంతా తిన్నారు. నాకు ఒక్క కమలాపండు మిగిల్చారు. అది పుల్లన.

మర్నాడు నాకు మెమో వచ్చింది. పై అధికారి ఆరోగ్యం గురించి తప్పుడు వార్త ప్రచారం చేసినందుకు, విధుల్లో అశ్రద్ధ చూపినందుకు చర్య ఎందుకు తీసుకోరాదో తెలపాలి. ఆఖరి వాక్యం ఇప్పటికీ నోటికి వచ్చు. ‘ఈ విషయమును సీరియస్‌గా పరిగణించడమైనది.’ మూడో అర్థం చూశారా? ఒక్క మాట, ఒక్క వారం, మూడు అర్థాలు. అంతా నా నెత్తిమీదే.

ఈఈ గారే పిలిచి, “ఒక్క ముక్క, సారీ అని రాసిచ్చేయండి. చింపేస్తాను” అన్నారు. నిలబెట్టే అన్నారు.

“మీరు చెప్పిన మాటే నేను రాశాను సార్. మాట మీది. సారీ నాదెలా అవుతుంది?”

“మీ ప్రమోషన్ లిస్టు పైకి వెళ్తోంది. దీని మీద విచారణ వేశానంటే మీ పేరు ఆగిపోతుంది. తెలుసా?”

“తెలుసు సార్.”

“మరి?”

“వేయండి సార్.”

బయటికి వచ్చాక అటెండరమ్మ, “రాసి పడేయండి బాబుగారూ, రెండక్షరాలే కదా. మీకు చేతుల కుర్చీ వస్తుంది” అంది. ఇంట్లో మా ఆవిడ ఇంకాస్త పెద్దగా అదే అంది. నేను వినలేదు. ఎందుకు వినలేదో నిజం చెప్తాను. తప్పు లేకుండా సారీ చెప్పినవాడికి చేతుల కుర్చీ ఇచ్చినా, ఆ చేతుల మీద మోచేతులు ఆనవు. ఆ రోజుల్లో అలాగే అనుకున్నాను. నాకు తప్పు లేదన్న నమ్మకం అంత గట్టిగా ఉండేది.

విచారణకు రెండు నెలలు పట్టింది. ఈలోగా కాలువలకు నీళ్ళు వదిలారు, నాట్లు పడ్డాయి. నేను మాత్రం ఆ మాట వెంటే తిరిగాను. బస్సులో, హోటల్లో, బ్యాంకులో, ఎవరు సీరియస్ అన్నా చెవి అటు వేసేవాణ్ణి. మావాడు చదువులో సీరియస్. మేష్టారు సీరియస్సయ్యారు. మా అత్తకి సీరియస్‌గా ఉంది. నేను జోకు చేశాను, నువ్వు సీరియస్‌గా తీసుకోకు. మా మేనకోడలి సంబంధం విషయంలో వాళ్ళమ్మ, “అబ్బాయి సీరియస్సేనా, ఊరికే తిరుగుతున్నాడా?” అంది. నా దగ్గర వెనక అట్ట ఊడిపోయిన ఒక నిఘంటువు ఉంది. తీసి చూశాను. గంభీరమైన, ముఖ్యమైన, ఆందోళన కలిగించే అని ఉంది. కోపం అన్న మాటే లేదు! ఇంగ్లీషువాళ్ళకు జబ్బు సీరియస్ అవుతుందిట, మనిషి కాడు. మనకు మాత్రం మనిషే అయిపోతాడు.

ఒక రాత్రి భోజనం దగ్గర నాకు అసలు సంగతి తట్టింది. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. మా ఆవిడ ఉప్పు ఎక్కువైందేమోనని భయపడింది.

విచారణ రోజున ఆ సంగతిని అత్తరు బుడ్డిలా దాచి పట్టుకెళ్ళాను. విచారణాధికారి మరో ఆఫీసు నుంచి వచ్చిన ఇంజనీరు, ఆడమనిషి, తలనెరిసినావిడ. ఈఈ గారు ఫిర్యాదీ కాబట్టి ఆమె పక్కన కూర్చున్నారు. నాకూ కుర్చీ వేయించారు. చేతులు లేవు.

మేడమ్ గారు ముందు సాక్షుల్ని అడిగారు. అందరికీ ఒకటే ప్రశ్న. సీరియస్ అంటే మీకేం అర్థమైంది?

“మనిషి ఉంటాడో పోతాడో తెలీకపోతే సీరియస్ అండి” అంది అటెండరమ్మ.

“మరి కోపం వస్తే?”

“కోపమొస్తే కోపమే కదండి. దానికి ఇంగ్లీషెందుకండి?”

తరవాత డ్రైవరు. “సారు నవ్వకపోతే సీరియస్ అండి. సారు ఎప్పుడూ నవ్వరండి. అంచేత ఎప్పుడూ సీరియస్సేనండి. మళ్ళీ కొత్తగా మెసేజ్ పెట్టేరంటే ఇదేదో వేరే సీరియస్సనుకున్నానండి.” ఈఈ గారు దగ్గారు. డ్రైవరు, “చూడండి మేడమ్, ఇప్పుడూ అదే” అన్నాడు.

ఆత్రేయపురం వైపు నుంచి వచ్చిన చిన్నపిల్ల, “మా ఫ్రెండ్స్‌లో అయితే సీరియస్సా అంటే నిజమా అని మేడమ్. అంతే” అంది.

“మరి మీరు పూతరేకులు ఎందుకు తెచ్చారమ్మా?”

“జబ్బైనా, కోపమైనా, అవి ఇస్తే తగ్గుతుంది కదా అని మేడమ్.”

మేడమ్ గారు నవ్వు ఆపుకోవడానికి కాగితాలు సర్దుకున్నారు. నా వంతు వచ్చింది. నేను లేచాను. నిలబడమని ఎవరూ అనలేదు, అలవాటు.

“మేడమ్, మన తెలుగులో సీరియస్‌కి అర్థం ఆ మాటలో లేదండి. దాని ముందున్న మాటలో ఉంది. ‘తాతయ్యకి సీరియస్’ అన్నామనుకోండి, ఆసుపత్రి. ‘తాతయ్య సీరియస్’ అన్నామనుకోండి, కోపం. జబ్బు మనిషికి వస్తుంది, అందుకని అక్కడ ‘కి’ ఉంటుంది. కోపమొస్తే మనిషే సీరియస్ అవుతాడు, అక్కడ ‘కి’ ఉండదు. నేను ‘ఈఈ గారు చాలా సీరియస్’ అని రాశాను. ‘కి’ లేదు. తెలుగు వచ్చినవాళ్ళెవరికైనా అది కోపమనే అర్థం కావాలి. కాకపోతే ఆ తప్పు నాది కాదు.”

మేడమ్ గారు కలం కింద పెట్టారు. “అవును కదండీ” అన్నారు. అటెండరమ్మ పెదాలు కదుపుతూ రెండు రకాలుగానూ అనుకుని చూసుకుంటోంది. ఈఈ గారు కూడా అనుకుని చూసుకున్నారు, నేను గమనించాను. నా సర్వీసులో నేను మాట్లాడుతుంటే అంతమంది విన్న రోజు అదొక్కటే.

“ఆ మెసేజ్ ఉందా?” అన్నారు మేడమ్ గారు.

“ఫిర్యాదీ గారే తీసేశారండి” అన్నాను, ఎంతో మర్యాదగా.

“నా కాడుందండి” అన్నాడు వెనక నుంచి సంఘపెద్ద. “ఆ రోజు మా ప్రార్థన గ్రూపులోకి పంపేనండి. పల్లెలో అందరూ ప్రార్థన చేయాలి కదండి.”

నా ఆనందం చెప్పలేను. “చదవండి! గట్టిగా చదవండి, అందరికీ వినబడాలి!” అన్నాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని, ఫోన్ దూరంగా పట్టుకుని, వాక్యం చదివినట్టు గంభీరంగా చదివాడు.

“ఈఈ గారికి చాలా సీరియస్.”

నేను ఆయన చేతిలోంచి ఫోన్ లాక్కున్నాను. గారికి. ఉంది. ‘కి’ ఉంది. ‘గా’ అని కొట్టగానే ఫోన్ దానంతటదే గారు, గారికి, గారిని అని మూడు మాటలు చూపిస్తుంది కదా, వంకాయ కూర తొందరలో నా వేలు మధ్యదాని మీద పడింది. రెండు నెలలు, జేబులో ఉన్న మూడు పేజీల సమాధానం, ఇంట్లో మా ఆవిడతో అన్ని గొడవలు, అన్నీ లేని ‘కి’ మీద నిలబెట్టాను. అది ఉంది.

పిల్లలూ, ఇది నేను పెద్దగా ఎవరికీ చెప్పని సంగతి. ఒకరు నాకు చేసిన అన్యాయాలు లెక్కలేనన్ని గుర్తున్న నాకు, నేను కొట్టిన ఒక్క అక్షరం గుర్తులేదు.

ఈఈ గారు నవ్వారు. పళ్ళు కనిపించాయి. డ్రైవరు తరవాత నాతో, “పదకొండేళ్ళలో ఇదే మొదటిసారండి చూడ్డం, బాగానే ఉన్నాయండి” అన్నాడు.

“ఇంకేమన్నా చెప్తారా?” అన్నారు మేడమ్ గారు నాతో. గొంతులో జాలి ఉంది. చేతుల కుర్చీ నా కళ్ళ ముందే గది దాటి వెళ్ళిపోతోంది. ఏమీ లేదన్నట్టు తలూపాను.

అప్పుడు బల్ల మీద ఈఈ గారి ఫోన్ గుర్రుమంది. ఆయన చూశారు. నవ్వు పోయింది. రంగు పోయింది. లేచి నిలబడ్డారు.

“మేడమ్, నేను వెళ్ళాలి. మా మావగారికి సీరియస్‌గా ఉందంట. పెనుగొండ. మా బావమరిది మెసేజ్.”

“అయ్యో. ఏదండీ?” అని మేడమ్ గారు ఫోన్ అందుకున్నారు. చదివి, ఒక్క క్షణం ఆగి, “ఈఈ గారూ, ఒక్క నిమిషం. ‘నాన్నగారు చాలా సీరియస్, వెంటనే బయలుదేరండి, ఫోన్ చేయొద్దు’ అని ఉందండి. ఇందులో ‘కి’ లేదు” అన్నారు.

“ఈ టైములో ‘కి’ ఏంటి మేడమ్!” అని ఆయన ఫోన్ లాక్కుని బయటికి పరిగెత్తారు. వెనకాలే డ్రైవరు పరిగెత్తాడు.

ఆ క్షణంలో నాకు సంతోషం కలగలేదు. కొంచెం కలిగింది. కానీ లోపల అటెండరమ్మ దణ్ణం పెట్టుకుంటోంది, సంఘపెద్ద కళ్ళు మూసుకున్నాడు, కాబట్టి ఆ కొంచెం ముఖం మీదికి రానివ్వలేదు. మేడమ్ గారు మాత్రం కలం తీసుకుని ఏదో రాసుకోవడం మొదలుపెట్టారు.

పెనుగొండలో ఏం జరిగిందో మర్నాడు డ్రైవరు చెప్పాడు. దారిలో కారు ఆపించి ఈఈ గారు పళ్ళు కొన్నారట. కొబ్బరిబొండాలు కొన్నారట. ఇల్లు చేరేసరికి మావగారు వీధి అరుగు మీద కర్ర పట్టుకుని నిటారుగా కూర్చున్నారట. ఈఈ గారి పెద్దమ్మాయి పెళ్ళికి శుభలేఖలు అచ్చయ్యాయి. అందులో తాతగారి ఇంటిపేరు మొదటి అక్షరం తప్పు పడింది. ఆయన పొద్దున్నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టలేదు. అల్లుడి చేతిలో పళ్ళు చూసి, “ఏంటల్లుడుగారూ, అప్పుడే పరామర్శకు వచ్చేశారా? నేనింకా పోలేదండి. పోయాక పేరెలాగూ తప్పే వేస్తారు” అన్నారట.

ఆ పెద్దాయన మీద నాకు కలిగిన గౌరవం ఇంతా అంతా కాదు.

మేడమ్ గారి నివేదిక పది రోజుల్లో వచ్చింది. అందులో సారాంశం ఇది. ఉద్యోగి మెసేజ్‌లో ‘కి’ ఉన్న మాట నిజమే. కానీ ‘కి’ లేని మెసేజ్‌ను ఫిర్యాదీ గారే విచారణ సమక్షంలో జబ్బుగా అర్థం చేసుకున్నారు. కాబట్టి ఈ గందరగోళానికి మూలం ‘కి’ కాదు, ఆ ఇంగ్లీషు మాటే. ఆరోపణ నిలబడదు. ఇంత తెలివైన కాగితం నేను సర్వీసులో మరొకటి చూడలేదు.

అయితే దాని మీద సంతకం పెట్టాల్సింది మళ్ళీ ఈఈ గారే. పిలిపించారు. వెళ్ళి నిలబడ్డాను.

“కూర్చోండి” అన్నారు.

ఎవరితో అన్నారోనని వెనక్కి చూశాను.

“మిమ్మల్నే, కూర్చోండి. ఆ కాగితం సంగతి తరవాత. మా మావగారు ఇప్పటికీ మాట్లాడట్లేదండి. సారీ చెప్పాను, కాళ్ళకు దణ్ణం పెట్టాను. పెళ్ళికి రానంటున్నారు. మీకైతే తెలుస్తుందని...” అని ఆగారు.

“అలిగినవాళ్ళ సంగతా సార్?”

“అహ, అలా అని కాదు.”

“అదే సార్. ఫరవాలేదు.” నేను ఆలోచించాను. ఇది నాకు వచ్చిన విద్య. “దణ్ణాలు వద్దు సార్. సారీలూ వద్దు. ఆ అక్షరం సరిచేసి శుభలేఖ మళ్ళీ అచ్చు వేయించండి. అందరికీ అక్కర్లేదు, ఒక్కటి చాలు. అది మీరే తీసుకెళ్ళి ఇవ్వండి. పళ్ళు లేకుండా.”

ఆ ఆదివారం వెళ్ళారు. పెద్దాయన కార్డు వెలుగులో పెట్టి చూసి, వేలితో ఆ అక్షరం తడిమి, “భోంచేసి వెళ్ళండి” అన్నారట. సోమవారం నా ఫైలు మీద సంతకం పడింది.

ఆయన అడగలేదు, కానీ నేనూ ఒక కాగితం రాసి ఇచ్చాను. ‘నా మెసేజ్‌లో ఒక ‘కి’ ఎక్కువ పడినందుకు చింతిస్తున్నాను.’ ‘కి’కి మాత్రమే చింతించాను. మిగతాదానికి కాదు. ఆయన అది చదివి, చింపకుండా, సొరుగులో పెట్టుకున్నారు.

ప్రమోషన్ వచ్చింది. చేతుల కుర్చీలో ఏడు నెలలు కూర్చున్నాను. ఎడమ చెయ్యి వదులుగా ఉండేది. బాగుచేయించమని మూడుసార్లు నోటు పెట్టాను, ఎవరూ పట్టించుకోలేదు. అయినా కుడిచెయ్యి మీద మోచెయ్యి ఆనింది. బాగా ఆనింది.

ఇదంతా ఇప్పుడు ఎందుకు గుర్తొచ్చిందంటే, మొన్న వర్షాల్లో నాకు విషజ్వరం వచ్చి నాలుగు రోజులు రాజమండ్రిలో ఆసుపత్రిలో ఉన్నాను. ఆఫీసు పాత గ్రూపులో నేనింకా ఉన్నాను. మా వాళ్ళెవరో అందులో, ‘మన సూపరింటెండెంట్ గారు సీరియస్’ అని పెట్టారు.

ఒక్కరు రాలేదు. నేనెప్పుడూ అలా ఉండేవాణ్ణే కదా, మళ్ళీ ఎవరిమీదో కోపం వచ్చి ఉంటుందనుకున్నారట. ఒకరిద్దరు కింద నవ్వు బొమ్మలు కూడా పెట్టారు. ఆ ఒకరిద్దరు ఎవరో నాకు తెలుసు.

మూడో రోజు సాయంత్రం వార్డు తలుపు దగ్గర ఎవరో ఆగారు. తల పూర్తిగా నెరిసింది, ఆయనా రిటైరైపోయారు, అయినా నడక పోల్చాను. ఈఈ గారు. చేతిలో పళ్ళు లేవు. పూతరేకుల డబ్బా ఉంది. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డారు.

“మెసేజ్ చూశానండి. ‘కి’ లేదు. రెండు రోజులు ఆలోచించాను. ఏదైనా దీనితో తగ్గుతుంది కదా అని తెచ్చాను” అని, కొంచెం భయంగా అడిగారు. “జ్వరమాండీ, కోపమాండీ?”

“రెండూ సార్” అన్నాను. “కూర్చోండి.”